హవా చోరీ

అబ్బా ఇంతెఖాల్ అయి నాలుగేళ్లు. ఆయన జాయిదాద్‌లో నా హిస్సాకి వచ్చింది 1997 మోడల్ మారుతి 800. మూడు సిలిండర్ల కార్బొరేటర్ బండి. "కబాడీకి వేసెయ్ భయ్యా" అని తమ్ముడు పోరుతూనే ఉంటాడు. నాకు దిల్ ఒప్పదు. అబ్బా అరచేతులు పట్టి పట్టి స్టీరింగ్ ఒకచోట నున్నగా అరిగింది. అక్కడ నా చేయి పెడితే ఆయన చేతిలో పెట్టినట్టే ఉంటుంది.

మొన్న ఒక జుమ్మా రోజు అమ్మీని కాజీపేట దర్గాకి తీసుకుపోతూ దారిలో పెట్రోల్ పోయించా. హన్మకొండ చౌరస్తా సిగ్నల్ దగ్గర బండి వణికి వణికి ఆగింది. స్టార్ట్ చేస్తే మళ్లీ నడిచింది. తర్వాతి సిగ్నల్ దగ్గర మళ్లీ ఖతం. వెనక హారన్ల షోర్. అమ్మీ తస్బీ తిప్పుతూ ఏమీ అనలేదు గానీ నాకు షరమ్ అయింది.

తిరుగు దారిలో సీదా బంకుకి పోయా. "కల్తీ పెట్రోల్ పోస్తారా?" అని, పోసిన పిల్లవాడి మీద అరిచా. విలేకరిననీ చెప్పా. ఆ మాట చెప్పే జరూరత్ లేదు, అయినా చెప్పా. పాపం, వాడు ఫిల్టర్ పేపర్ తెచ్చి దాని మీద పెట్రోల్ చుక్క వేసి చూపించాడు. మరక లేకుండా ఆరిపోయింది. "ఇదంతా డ్రామా" అన్నా. పేపర్‌లో వస్తుందన్న డర్‌తో ఓనర్ ఆ పిల్లవాణ్ణి అప్పుడే ఇంటికి పంపేశాడు. నేను ఫతే సాధించినోడిలా బండెక్కా.

పొద్దున మండీ బజార్ దగ్గర మా ఉస్తాద్ దుకాణానికి పోయా. డెబ్బై దాటినా బానెట్ కింద దూరితే జవానే. అంతా విని ఒకటే అడిగాడు: "స్పీడ్ మీద ఎట్లుంది?"

"మక్ఖన్ లెక్క పోతది చచా. ఆగితేనే..."

"పెట్రోల్ ఖరాబైతే స్పీడ్ మీద తడబడాలె, చఢావ్ మీద దమ్ము రావద్దు. ఇది ఆరామ్‌లో ఉన్నప్పుడే మరుస్తుంది. నక్కో మియా, పెట్రోల్ పే ఇల్జామ్ నక్కో. హవా చోరీ హోరీ."

ముందు ఫిల్టర్ చూశాడు, సాఫ్‌గానే ఉంది. కార్బొరేటర్‌కి పోయే పైపు తీసి సీసాలో పెట్టి సెల్ఫ్ కొట్టమన్నాడు. పంపు ధార బాగానే కొట్టింది. పైపు మళ్లీ తొడిగి, ఇంజిన్ వేడెక్కాక చోక్ కొంచెం లాగాడు. వణుకుతున్న ఇంజిన్ నిమ్మళించింది. "చూసినవా? పెట్రోల్ ఎక్కువ ఇస్తే సుకూన్. అంటే లోపలికి ఫాల్తూ హవా పోతున్నట్టే."

ఐడ్లింగ్‌లో థ్రాటిల్ దాదాపు మూసే ఉంటుంది. ఇంజిన్ గాలి కోసం గట్టిగా పీలుస్తుంది. అప్పుడు చిన్న చిల్లు ఉన్నా లెక్కలో లేని గాలి దూరి, పెట్రోల్ పాళ్లు తక్కువై ఆగిపోతుంది. యాక్సిలరేటర్ తొక్కితే పీల్పు తగ్గుతుంది, లోపలికి పోయే గాలి ఎన్నో రెట్లు పెరుగుతుంది. అప్పుడు ఆ చిల్లు లెక్కలోకే రాదు.

ఉస్తాద్ చెవి దగ్గర పెట్టి విన్నాడు. ఒక్కో రబ్బరు పైపునీ వేళ్లతో నొక్కుతూ పోయాడు. మానిఫోల్డ్ నుంచి వచ్చే సన్న పైపు నొక్కగానే వణుకు బంద్. తీసి తిరగేస్తే వంపు దగ్గర అడుగున పగులు. ఇంజిన్ వేడికి ఇన్నేళ్లు ఎండిన రబ్బరు, పాపడ్‌లా విరిగింది. పెట్రోల్ పోయించిన రోజే అది విడిచిందంతే. కొత్త పైపు నలభై రూపాయలు. పనిలో పనిగా పాత పెట్రోల్ పైపులు కూడా మార్చమన్నా. "అవి కారితే ఆగుడు కాదు మియా, ఆగ్ అంటుకుంటది" అన్నాడు ఉస్తాద్.

ఇరవై ఏళ్లుగా అవతలివాళ్ల బయాన్ కూడా తీసుకోమని జూనియర్లకి చెబుతున్నా. ఆ రోజు ఒక పిల్లవాడి బయాన్ కాగితం మీదే ఆరిపోయినా నేను చూడలేదు. బద్‌గుమానీ గునాహ్ అని చిన్నప్పుడు ఉర్దూ బడిలో నేర్చుకున్నది నాకు ఏం కామ్ వచ్చినట్టు?

అటు నుంచి అటే బంకుకి పోయా. ఓనర్‌కి ఆ పైపు చూపించి, గలతీ నాదని అందరి ముందూ చెప్పా. పిల్లవాణ్ణి పిలిపించాడు. మాఫ్ చెయ్యమని అడిగి, పోయిన రోజుల కూలి చేతిలో పెట్టా.

తీసుకున్నాడు. నా మొహం మాత్రం చూడలేదు. వెనక బండి హారన్ కొడితే, "జీరో చూసుకోండి సార్" అంటూ పోయాడు.