కోడికునుకు వాళ్ళతో కనకాలపేటలో మూడు రాత్రులు

పదకొండు మంది కలిసి ఊరు బయలుదేరితే అందులో ఇద్దరైనా కోడికునుకు వాళ్ళుంటారు, నలుగురైనా గురక పెట్టేవాళ్ళుంటారు. ఈ రెండు వర్గాలకీ ఒకే కప్పు కింద బస కుదర్చడం బాలెన్సు షీటు ట్యాలీ చేయడం కంటే కష్టం. ముప్ఫై ఏళ్ళ బ్యాంకు సర్వీసు సాక్షిగా చెబుతున్నాను.

మా నాలుగు కుటుంబాలూ ఏడాదికోసారి ఎక్కడికైనా వెళ్ళడం ఆనవాయితీ. ఈసారి మా అక్కయ్యని రమ్మంటే, “మీరు వెళ్ళి రండిరా, నా వల్ల మీ అందరికీ ఇబ్బంది” అంది. బావగారు మంచాన పడ్డ మూడేళ్ళూ ఆయన ఎప్పుడు పిలుస్తారోనని చెవి ఒగ్గి పడుకున్న మనిషి. ఆయన పోయి రెండేళ్ళయినా ఆ అలవాటు పోలేదు. గ్లాసు కదిలినా లేచి కూర్చుంటుంది. కిందటేడు ఒక సముద్రపు ఒడ్డు రిసార్టులో కింద పెళ్ళి విందు, ఒంటిగంట దాకా పాటలు. రెండు రాత్రులూ వరండాలో కుర్చీలోనే తెల్లవార్చింది. మూడో నాడు కళ్ళు తిరిగి పడిపోయింది. ఆ బస కుదిర్చింది నేనే. గది బావుందా, భోజనం బావుందా అని అడిగానే తప్ప చప్పుడు సంగతి అడగలేదు.

ఈసారి యానాం అనుకున్నాం. కాకినాడ నుంచి తాళ్ళరేవు మీదుగా సుమారు ముప్ఫై కిలోమీటర్లు. చుట్టూ ఆంధ్ర, మధ్యలో ముప్ఫై చదరపు కిలోమీటర్ల పుదుచ్చేరి ముక్క. 1954 జూన్ 13 దాకా ఫ్రెంచివారి ఏలుబడి. అలాంటి చిన్న ఊళ్ళో చప్పుడేముంటుందిలే అనుకోకండి. 2002లో ఎదుర్లంక వంతెన వచ్చాక రేవు దాటే పని తప్పింది గానీ, ఇప్పుడు 216వ నంబరు జాతీయ రహదారి లారీలన్నీ ఆ దారినే వెళతాయి. పైగా అక్కడ మద్యం మీద పన్ను తక్కువ. శనాదివారాల్లో చుట్టుపక్కల జిల్లాల నుంచి వచ్చేవాళ్ళ సందడి వేరే చెప్పాలా? అందుకని సోమవారం దిగి గురువారం బయలుదేరేట్టు పెట్టుకున్నాం.

గోదావరి కనిపించే గదులకే అందరూ ఎగబడతారు. నేను మాత్రం వారం ముందు ఒక్కణ్ణే వెళ్ళి ఓ రాత్రి పడుకుని చూశాను. మా ఆవిడ దీన్ని ‘ఆడిటు’ అని వెక్కిరించింది. కానీ పగలు చూస్తే తెలియని సంగతులు రాత్రే బయటపడతాయి. రాత్రివేళ నీటి మీద గాలి చల్లబడి కిందుగా ఉంటుంది. శబ్దం పైకి పోకుండా నీటి వెంబడే సాగి వస్తుంది. ఎక్కడో ఉన్న పడవ ఇంజను కిటికీ కిందే ఉన్నట్టుంటుంది. ఏటి గాలి కావాలనుకున్నవాళ్ళు ఈ చప్పుడికీ ఒప్పుకోవాలి.

చివరికి కనకాలపేటలో, రోడ్డుకి ఎడంగా, కొబ్బరిచెట్ల మధ్య అద్దెకిచ్చే డాబా ఇల్లు ఒకటి కుదిరింది. ఇంటాయన్ని లోను దరఖాస్తుదారుణ్ణి అడిగినట్టు ప్రశ్నలడిగాను. జనరేటరు ఎక్కడుంది? నీళ్ళ మోటారు ఎన్నింటికి వేస్తారు? దగ్గర్లో కల్యాణ మండపం ఉందా? ఏ.సీ. బయటి డబ్బా ఏ కిటికీ పక్కనుంది? జనరేటరు వంటిది రెట్టింపు దూరం జరిపితే చప్పుడు సుమారు 6 డెసిబెల్స్ తగ్గుతుంది. ఆయన నవ్వుతూనే దాన్ని పెరటి చివరికి జరిపించాడు. మోటారు రాత్రి తొమ్మిది తర్వాత వేయనన్నాడు. తలుపులు ధడాలున పడకుండా నేను సైకిలు ట్యూబు ముక్కలు కోసి గుమ్మాలకి అంటించాను. ఖర్చు సున్నా.

అసలు తగువు గదుల దగ్గర వచ్చింది. పెరటివైపు చివరి గది అక్కయ్యకి ఒక్కదానికే ఇద్దామన్నాను. “తలకి ఇంత అని వంతులేసుకుంటూ ఒకరికి గదంతా ఎలా?” అన్నాడు మిత్రుడొకడు. లెక్క ప్రకారం అతనన్నది రైటే. తేడా నేనే కట్టాను. అక్కయ్యకి చెప్పొద్దన్నాను కానీ, ఇలాంటివి దాగుతాయా? మా ఆవిడ నోట జారింది. “నా నిద్రకి వడ్డీ కడుతున్నావట్రా!” అంది అక్కయ్య. నవ్విందో, కళ్ళనీళ్ళు పెట్టుకుందో చీకట్లో తెలియలేదు.

ఇంత చేసీ ఒకటి మరిచాను. మేం దిగింది ధనుర్మాసంలో! తెల్లవారుజామున ఐదింటికి గుడి మైకు మోగింది. 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనల ప్రకారం రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా మైకు పెట్టకూడదు. ఆ మాట చెబుదామని చొక్కా వేసుకుంటుంటే అక్కయ్య ఆపింది. “నిద్ర లేవండని పాడేదే తిరుప్పావై. వద్దనడానికి మనమెవరం? నేనెలాగూ మెలకువగానే ఉన్నాను” అంది.

మంగళవారం ద్రాక్షారామం, బుధవారం కోరింగ మడ అడవులు చూశాం. పులస వానాకాలపు చేప కనక మాకు దొరకలేదు. గురువారం పొద్దున్న ఆరున్నరైనా అక్కయ్య గది తలుపు తీయలేదు. నాకు గుండె దడ మొదలైంది. కిటికీలోంచి చూస్తే గోడవైపు తిరిగి, ముడుచుకుని పడుకుని ఉంది. దుప్పటి మెల్లగా లేస్తూ పడుతూ ఉంది. పదిమందిమీ చెప్పులు చేతబట్టుకుని పెరట్లోకి వెళ్ళి, అక్కడే నిలబడి కాఫీలు తాగాం. గది గురించి తగువుపడ్డ మిత్రుడే స్టీలు గ్లాసుల చప్పుడు కాకుండా ఒక్కొక్కటీ తువ్వాలు మీద బోర్లించాడు.

ఏడింటికి బయటికొచ్చింది. “ఇవాళ పాశురం విన్నావా అక్కయ్యా?” అన్నాను.

“ఇవాళ మైకు పెట్టలేదుగా?” అంది.