నల్ల కోడికి నాటు తల్లి
కడక్‌నాథ్ పేరు దేశమంతా పాకింది. ఆ జాతి నిలిచేదీ, చెడేదీ మాత్రం ఝాబువా కొండల్లోని భిల్లుల పెరట్లోనే

ఢిల్లీ-ముంబై ప్రధాన రైలు మార్గంలో రత్లాం దాటి గుజరాత్‌లోని దాహోద్ చేరేలోపు మేఘ్‌నగర్ స్టేషన్ వస్తుంది. మధ్యప్రదేశ్ పశ్చిమ అంచున ఉన్న ఝాబువాకు వెళ్లేవారు సాధారణంగా దిగేది అక్కడే. అక్కడి నుంచి రోడ్డు ఎగుడుదిగుడు గుట్టల మధ్య సాగుతుంది. వానాకాలంలో మొక్కజొన్నతో పచ్చగా కనిపించే ఆ గుట్టలు వేసవి వచ్చేసరికి రాళ్లు తేలి బోసిపోతాయి. అక్కడక్కడా ఇప్పచెట్లు, తాళ్లు, హోలీకి ముందు ఎర్రగా విరగబూసే మోదుగలు. జిల్లా జనాభాలో 2011 లెక్కల ప్రకారం నూటికి 87 మంది గిరిజనులు. ఎక్కువమంది భిల్లులు, భిలాలాలు. నాలుగు చినుకులు పడితే పంట, లేకపోతే గుజరాత్‌కు వలస. తరాలుగా ఇక్కడి బతుకు ఇంతే.

ఇంత బీద నేల దేశానికి ఇచ్చిన ఖరీదైన వస్తువు ఒకటుంది. అది కోడి. పేరు కడక్‌నాథ్. స్థానికులు పిలిచే పేరు కాలీమాసీ, అంటే నల్ల మాంసం కలది. ఈకలే కాదు, తోలు, కాళ్లు, తమ్మె, నాలుక, చివరికి ఎముకల మీది పొర కూడా నలుపే. రక్తం మాత్రం అందరూ అనుకునేట్టు నల్లది కాదు, కాస్త ముదురు ఎరుపు. గుడ్డు అసలే నలుపు కాదు, పలుచని గోధుమ రంగు. కడక్‌నాథ్ పేరుతో నల్ల గుడ్లు అమ్ముతున్నారంటే అది మోసమని వేరే చెప్పనక్కర్లేదు.

పుట్టినిల్లు ఒకనాటి ఝాబువా జిల్లా, దాని పక్కనున్న ధార్. 2008లో ఝాబువా నుంచి అలీరాజ్‌పూర్ వేరుపడటంతో ఇప్పుడు మూడు జిల్లాలు ఈ కోడి తమదేనని చెప్పుకోవచ్చు. మూడు జిల్లాల్లోనూ ఊరి తీరు ఒకటే. మైదానపు పల్లెల్లా ఇళ్లన్నీ ఒకచోట గుమిగూడి ఉండవు. ఎవరి పొలంలో వారి ఇల్లు, ఎవరి మిట్ట మీద వారి పెరడు. ఈ ఇంటికీ ఆ ఇంటికీ మధ్య ఒక చేనో, వాగో అడ్డం. ఈ దూరం కోళ్లకు కంచెలా పనికొచ్చింది. ఒక ఇంటి పుంజు మరో ఇంటి పెట్టల్లో కలిసే అవకాశం తక్కువ. జాతి శుద్ధి గురించి ఎవరూ ప్రత్యేకంగా ఆలోచించకపోయినా ఊరి అమరికే కొంత పని చేసిపెట్టింది.

మిగతా పని ఇంటివాళ్లది. ఉన్నవి ఆరేడు పెట్టలు, ఒక పుంజు. ఏ పుంజును కోయాలి, దేన్ని ఉంచాలి అన్న నిర్ణయంలోనే జాతి భవిష్యత్తు ఉంది. కడక్‌నాథ్‌లో మూడు రకాలున్నాయి. ఒళ్లంతా కాటుక నలుపు ఒకటి. నల్ల ఈకల మీద తెల్లటి గీతలున్నది రెండోది. మెడ మీద బంగారు రంగు తేలేది మూడోది. మూడింటికీ లోపలి నలుపు ఒకటే. గుడ్డులోంచి బయటపడ్డ పిల్ల నీలి నలుపుతో, వీపు మీద చారలతో ఉంటుంది. ఎదిగే కొద్దీ దాని అసలు రంగు బయటపడుతుంది. పెంపకందారు చూసేది తమ్మె, నోరు, కాళ్లు. ఎక్కడ ఎరుపు తేలినా, తెలుపు కనిపించినా అది కూరకే. తెలుగువారికి ఇది కొత్తేమీ కాదు. కాకి, డేగ, నెమలి అంటూ ఈక రంగును బట్టి పుంజుకు పేరూ, బలాబలాలూ కట్టే గోదావరి జిల్లాల పందెగాళ్లు చేసేదీ ఈ ఎంపికే. కాకపోతే వాళ్లు వెతికేది పౌరుషం, ఇక్కడ వెతికేది నలుపు.

ఎదుగుదలలో కడక్‌నాథ్‌కు తొందర లేదు. బ్రాయిలర్ ఆరు వారాల్లో రెండు కిలోలకు చేరితే, ఇది కిలో తూగడానికే అయిదు నెలలు తీసుకుంటుంది. నిండుగా ఎదిగిన పుంజు రెండు కిలోల లోపు, పెట్ట కిలోన్నర లోపు. ఆరు నెలలకు గుడ్డు మొదలు. ఏడాదికి పెట్టేది వంద అటూఇటూ. అవీ చిన్నవి. అయినా ఎండకు తట్టుకుంటుంది. రాలిన గింజ, పురుగు, చెదలు ఏరుకుని బతుకుతుంది. దాణా కొనలేని ఇంటికి ఇంతకన్నా ఏం కావాలి? వలస వెళ్లే ముందు చేతి ఖర్చుకో, మొక్కుకో, ఇంటికొచ్చిన చుట్టానికో పనికొచ్చే బ్యాంకు ఖాతా ఆ పెరటి కోళ్లే.

అయితే ఈ కోడికి ఒక పెద్ద లోపం ఉంది. గుడ్లు పెడుతుంది గానీ పొదగదు. ఎప్పుడో ఒకటి రెండు పెట్టలు గూట్లో కూర్చున్నా 21 రోజులూ ఓపికగా కూర్చునేవి అరుదు. అందుకే కడక్‌నాథ్ పెంచే ఇంట్లో తప్పనిసరిగా మామూలు నాటుపెట్టలు కూడా ఉండాలి. పొదుగుకొచ్చిన నాటుపెట్ట కింద దాని గుడ్లు తీసేసి పది పన్నెండు కడక్‌నాథ్ గుడ్లు సర్దుతారు. మూడు వారాలకు నల్లటి పిల్లలు బయటికొస్తాయి. గోధుమ రంగు తల్లి వాటిని తనవేననుకుని రెక్కల కింద దాచుకుంటుంది. గద్ద నీడ పడితే అరుస్తుంది. చెద పుట్టను కెలికి మేత చూపిస్తుంది. తరతరాలుగా నల్ల కోడిని బతికించింది ఈ నాటు తల్లే.

కడక్‌నాథ్‌కు దూరపు చుట్టం ఒకటి చైనాలో ఉంది. సిల్కీ అంటారు. దానికీ తోలు, ఎముక నలుపే. కానీ ఈకలకు పట్టు ఉండదు, బొచ్చులా వేలాడుతాయి. కాలికి నాలుగు బదులు అయిదు వేళ్లు. 13వ శతాబ్దంలో మార్కో పోలో చైనాలో పిల్లి బొచ్చు లాంటి వెంట్రుకలున్న కోళ్లున్నాయని చెప్పింది దీని గురించేనని భావిస్తారు. ఇంటి పెరట్లో ముద్దుగా పెంచుకునేవారికి సిల్కీ మీద మోజు అందానికే కాదు, అది పొదగడంలో మొనగాడు. కోడి గుడ్లే కాదు, బాతు గుడ్లు పెట్టినా కదలకుండా కూర్చుంటుంది. ఒకే నలుపు పంచుకున్న రెండు జాతుల్లో ఒకటి లోకంలోని గుడ్లన్నీ పొదగడానికి సిద్ధం, రెండోది సొంత గుడ్ల మొహం కూడా చూడదు.

ఈ నలుపు గుట్టు కోడి 20వ క్రోమోజోములో ఉంది. అక్కడ ఒక ముక్క రెట్టింపై, రంగు కణాలను పెంచే జన్యువు అవసరానికి మించి పనిచేస్తోందని 2011లో శాస్త్రవేత్తలు తేల్చారు. సిల్కీలోనూ, ఇండొనేసియా అయామ్ చెమానీలోనూ ఉన్న ఈ మార్పే కడక్‌నాథ్‌లోనూ ఉంది. భోపాల్ ఐసర్ పరిశోధకులు కడక్‌నాథ్ జన్యుపటాన్ని లోతుగా పరిశీలించి 2023లో వివరాలు ప్రచురించారు. అంటే ఝాబువా గుట్టల మీది కోడికీ, చైనా పట్టు కోడికీ నలుపు ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలి.

సమస్య మొదలయ్యేది కూడా ఈ నలుపుతోనే. ఇద్దరు బ్రిటిష్ శాస్త్రవేత్తలు బేట్‌సన్, పన్నెట్ సిల్కీలను లెగ్‌హార్న్ కోళ్లతో కలిపి చూసి 1911లో ఒక విచిత్రాన్ని ప్రకటించారు. సిల్కీ పుంజును మామూలు పెట్టతో కలిపితే ఆడపిల్లలు ముదురు నలుపుతో, మగపిల్లలు లేత ఛాయతో వచ్చాయి. మామూలు పుంజును సిల్కీ పెట్టతో కలిపితే ఆడా మగా రెండూ లేతగానే వచ్చాయి. నలుపును అణచివేసే మరో జన్యువు లింగ క్రోమోజోము మీద ఉండటమే కారణం. కోళ్లలో ఆ క్రోమోజోము పుంజుకు రెండు, పెట్టకు ఒకటే. కూతురికి అది తండ్రి నుంచే వస్తుంది. తండ్రి నల్ల జాతి పుంజైతే ఆమె నలుపును అణచే శక్తి ఉండదు.

దీన్ని భిల్లుల పెరట్లో పెట్టి చూడండి. అక్కడున్నది కడక్‌నాథ్ పుంజు ఒకటి. దానితో తిరిగేవి కడక్‌నాథ్ పెట్టలు, వాటి గుడ్లు పొదగడానికి ఉంచిన నాటుపెట్టలు. పుంజుకు ఈ తేడా తెలియదు. నాటుపెట్ట పెట్టిన గుడ్డులోంచి పుట్టిన కూతురు కూడా నల్లగానే ఉంటుంది. ఆ నాటుపెట్ట కాళ్లు ముందే నలుపైతే కొడుకులూ నల్లబడతాయి. సంతలో బేరగాడు చూసేది నాలుక, కాళ్లు. ఆ లెక్కన ఇవన్నీ కడక్‌నాథ్‌లే. గుట్టు బయటపడేది తర్వాతి తరంలో. ఇలాంటి సంకర పుంజునూ, పెట్టనూ కలిపితే పిల్లల్లో దాదాపు నాలుగోవంతు మామూలు తోలుతో పుడతాయి. కొన్నవాడు మోసపోయానని గ్రహించేసరికి ఏడాది గడిచిపోతుంది. జాతిని కాపాడిన తల్లి చేతి మీదుగానే జాతి పలచబడటం ఇక్కడి విడ్డూరం.

దీనికి మందు ఖరీదైనదేమీ కాదు. కడక్‌నాథ్ గుడ్ల మీద బొగ్గుతో గీత పెడితే పొదుగులో కలిసిపోవు. పెట్ట ఒకసారి కలిసిన పుంజు బీజాన్ని రెండు మూడు వారాలు తనలో నిలుపుకుంటుంది. కాబట్టి వేరే పుంజు తిరిగిన మందలోని గుడ్లను మూడు వారాల పాటు కూరకే వాడాలి, పొదగేయకూడదు. ఎనిమిది పది పెట్టలకు ఒక పుంజు చాలు. అదే పుంజును ఏళ్ల తరబడి ఉంచితే కూతుళ్లతోనే కలిసి, గుడ్లు మురిగిపోవడం, పిల్లలు నీరసించడం మొదలవుతాయి. ఏడాదికోసారి మరో మిట్ట మీది ఇంటితో పుంజును మార్చుకోవడం మేలు. అన్నిటికన్నా ముఖ్యమైన నియమం, పుంజును దాని తమ్మె చూసి కాదు, దాని పిల్లల్ని చూసి మెచ్చుకోవాలి. కొక్కెర తెగులుకు సకాలంలో చుక్కల మందు, టీకా వేయించకపోతే ఈ జాగ్రత్తలన్నీ ఒక్క వారంలో తుడిచిపెట్టుకుపోతాయి.

ప్రభుత్వానికి ఈ కోడి విలువ ముందే తెలుసు. 1978లోనే ఝాబువాలో కడక్‌నాథ్ హేచరీ పెట్టారు. తర్వాత అక్కడి కృషి విజ్ఞాన కేంద్రం పిల్లలను పొదిగించి గిరిజన కుటుంబాలకు పంచే పని చేపట్టింది. ఇంక్యుబేటర్ రావడంతో నాటు తల్లి అవసరం కొంత తగ్గింది. 2018లో అసలు గుర్తింపు వచ్చింది. ఛత్తీస్‌గఢ్‌లోని దంతెవాడ కూడా పోటీకి దిగినా, భౌగోళిక గుర్తింపు ఝాబువాకే దక్కింది. అయితే ఒక మెలిక ఉంది. ఆ గుర్తింపు ఝాబువా కడక్‌నాథ్ నల్ల కోడి మాంసానికి. ప్రాణమున్న కోడిని తరాలుగా ఏరి నిలిపిన భిల్లు గృహిణి నేర్పుకు కాదు.

పేరు రాగానే గిరాకీ పెరిగింది. కొవ్వు తక్కువ, మాంసకృత్తులు ఎక్కువ అని ప్రచారం హోరెత్తింది. నిదానంగా, నేల మీద తిరిగి పెరిగిన ఏ కోడికైనా కొవ్వు తక్కువే. తోలు తీసిన బ్రాయిలర్ రొమ్ము మాంసంలోనూ కొవ్వు స్వల్పమే. నలుపును సర్వరోగ నివారిణిగా అమ్మినవారు ఈ మాట చెప్పలేదు. 2019లో పశ్చిమ మహారాష్ట్రలో కడక్‌నాథ్ పిల్లలిచ్చి, గుడ్లూ కోళ్లూ తామే కొంటామని ఆశపెట్టిన వ్యాపారం కుప్పకూలి రైతులు రోడ్డున పడ్డారు. తెలుగు రాష్ట్రాల్లోనూ ఈ కోళ్ల షెడ్లు వెలిశాయి. పిల్లలు అమ్మినవారు బాగుపడ్డంతగా కోళ్లు పెంచినవారు బాగుపడలేదన్న మాట ఇలాంటి ప్రతి మోజు వెనకా వినిపించేదే.

ఝాబువాకూ దెబ్బ తప్పలేదు. క్రికెటర్ మహేంద్రసింగ్ ధోనీ రాంచీలోని తన పొలానికి రెండు వేల కడక్‌నాథ్ పిల్లలు కావాలని ఇక్కడి గిరిజన రైతు ఒకరికి ఆర్డరిచ్చిన వార్త మోగిపోతుండగానే, 2021 జనవరిలో థాండ్లా ప్రాంతంలో బర్డ్ ఫ్లూ బయటపడింది. ఆ ఫారంలోని కోళ్లను చంపి పాతిపెట్టారు. 2022 ఏప్రిల్‌లో గానీ ఆ పిల్లలు రాంచీకి బయల్దేరలేదు. ఒకేచోట వేల కోళ్లు పెంచితే ఏమవుతుందో చెప్పడానికి ఆ శీతాకాలం చాలు. చేనుకొకటిగా విసిరేసినట్టున్న ఇళ్లలో ఆరేసి కోళ్లుంటే ఒక పెరడు పోయినా మరో పెరడు మిగులుతుంది. హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన సంస్థలో అసీల్‌తో పాటు కడక్‌నాథ్ మందనూ ఉంచుతున్నారు. విత్తనానికి అదో భరోసా. కానీ సంస్థలో మిగిలేది కోడి. కోడిని ఏరే కన్ను మిగలాలంటే పెరడు బతకాలి.

ఆ పెరడుకు పోటీ సంతే. హోలీకి ముందు వారం భగోరియా సంతలు సాగుతాయి. డోళ్లు, పిల్లనగ్రోవులు, వెండి కడియాలు, తాటికల్లు. పండగ ఖర్చుకు డబ్బు కావాలి. మంచి ధర పలికేది మంచి పుంజే. ఉంచుకోవాల్సిన పుంజు అమ్ముడుపోతే, ఇంట్లో మిగిలేది రెండో రకం. వచ్చే ఏడాది పిల్లలకు తండ్రి అదే అవుతుంది. కరువులో విత్తనపు గింజలు తినేసినట్టే ఇదీ. ఆకలి వేసినవాడిని తప్పుపట్టలేం. వాడి ఇంట్లో ఆ ఒక్క పుంజూ మిగిలేలా గిట్టుబాటు ధర, టీకా, పిల్లల కొనుగోలు సక్రమంగా అందితే జాతి దానంతటదే నిలుస్తుంది.

పొద్దుగూకితే మిట్ట మీది ఇళ్లలో కోళ్లను మూసే వేళ. గంప కింద ఎర్రటి నాటుపెట్ట ఒదిగి కూర్చుంటుంది. దాని రెక్కల సందుల్లోంచి బొగ్గు ముక్కల్లాంటి తలలు తొంగి చూస్తాయి. భౌగోళిక గుర్తింపు పత్రంలో దాని పేరు లేదు. రేపు పొద్దున్నే గంప ఎత్తగానే మళ్లీ చెద పుట్ట కెలకాల్సింది అదే.