సీసా సంచిలో, టోకెన్ చేతిలో

టెర్మినల్ 3 బయట బావగారు కనబడేసరికి పదకొండు కావస్తోంది. కుడిచేతిలో చిన్న ట్రాలీ, ఎడమచేతిలో సీలు వేసిన ప్లాస్టిక్ సంచి. సంచిలో డ్యూటీ ఫ్రీ షాపులో కొన్న లీటరు సీసాలు రెండు. విదేశం నుంచి వచ్చే ప్రయాణికుడు రెండు లీటర్ల మద్యం సుంకం లేకుండా తెచ్చుకోవచ్చు కాబట్టి ఆయన సరిగ్గా రెండు లీటర్లే తెచ్చారు. విశాఖ పోర్టులో ముప్ఫై ఏళ్లు లెక్కలు రాసిన మనిషి, చుక్క అటూ ఇటూ కానివ్వరు.

ఆయనా మా అక్కా సింగపూర్ వెళ్లి, విహారయాత్ర ఓడలో నాలుగు రాత్రులు తిరిగారు. అక్క అక్కడే కూతురి దగ్గర ఉండిపోయింది. ఈయన నోయిడాలో మా ఇంట్లో రెండు రోజులుండి విశాఖ వెళ్తారు.

"ఏరా, ఇంటికి తర్వాత వెళ్దాం. ముందు అన్నం. నాలుగు రాత్రులు ఓడలో తిన్నాను గానీ భోంచెయ్యలేదు" అన్నారు. ఆ మాట విన్నాక ఢిల్లీలో ఉన్న ఏ తెలుగువాడైనా ఆయన్ని తీసుకెళ్లేది ఒక్కచోటికే: అశోకా రోడ్డులో ఆంధ్రా భవన్ క్యాంటీన్.

విమానాశ్రయం మెట్రోలో సంచి ఎక్స్‌రే యంత్రంలోంచి వెళ్లింది. అవతల కూర్చున్న జవాను తెరవైపు చూసి ఊరుకున్నాడు. ఈ లైన్లో మనిషికి రెండు సీలు తీయని సీసాలు ఎప్పట్నుంచో తెచ్చుకోవచ్చు. 2023 జూన్ నెలాఖరులో ఢిల్లీ మెట్రో ఆ వెసులుబాటును మిగతా లైన్లన్నింటికీ ఇచ్చింది. మోసుకెళ్లొచ్చు, మూత తిప్పకూడదు. బావగారు ఇది విని చిన్నబుచ్చుకున్నారు. "మెట్రో వాళ్లకున్న మర్యాద ఓడ వాళ్లకి లేకపోయింది చూశావా?"

శివాజీ స్టేడియం స్టేషన్‌లో దిగి ఆటో ఎక్కేదాకా ఓడ కథే. పెద్ద పెద్ద క్రూయిజ్ కంపెనీలు చాలావరకు ఒకటే పద్ధతి పాటిస్తాయి. ఎక్కేరోజు పెద్దవాళ్లు తలా ఒక 750 మిల్లీలీటర్ల వైన్ సీసా తెచ్చుకోవచ్చు. దాన్ని తమ గదిలో తాగితే సరే. భోజనశాలకు తీసుకొస్తే మూత తీసినందుకు పదిహేను డాలర్లో, కాస్త అటూ ఇటుగానో తీసుకుంటారు. దానికి కార్కేజ్ అని పేరు. మన సీసా మూత తీయించుకోవడానికి మనమే డబ్బు కట్టడం! విస్కీ లాంటివైతే ఆ మాటే లేదు. మధ్యలో రేవు దిగి కొనుక్కున్నా, తిరిగి ఎక్కేటప్పుడు తీసుకుని చీటీ అంటించి దాచి, చివరి రాత్రి గదికి పంపుతారు. బావగారి సీసాకు జరిగింది అదే. అందులో అన్యాయం ఏమీ లేదు. ఓడకు టికెట్‌తో పాటు బారు మీద కూడా ఆశ ఉంటుంది. కాకపోతే ఆయనకు ఆ చీటీ మింగుడుపడలేదు.

అంతకన్నా ఆయనకు కోపం తెప్పించింది భోజనం వేళ. పెద్ద భోజనశాలలో తిండి టికెట్లోనే కలిసి ఉంటుంది, కానీ బంతులు రెండు: ఆరింటి ప్రాంతంలో మొదటిది, ఎనిమిది దాటాక రెండోది. ఏ బంతికి రాయించుకుంటే రోజూ అదే బంతి, అదే బల్ల, వడ్డించేవాళ్లూ వాళ్లే. అలా వద్దనుకుంటే ఫోన్లో యాప్ తెరిచి ఏ పూటకాపూట వేళ ఎంచుకోవాలి. ఇక విడిగా డబ్బు కట్టే ప్రత్యేక హోటళ్లకు ఓడ కదలకముందే బుక్ చేసుకోకపోతే మిగిలేవి తొమ్మిదిన్నర వేళలే. ఈయన మొదటి బంతి. "సాయంత్రం ఆరింటికి ఎవడు తింటాడ్రా? సముద్రంలో పొద్దు గుంకుతుంటే అందరూ డెక్కు మీద, మేం పళ్లెం ముందు."

ఆంధ్రా భవన్ గేటు దాటేసరికి పన్నెండున్నర. క్యాంటీన్ వరండాలో జనం. పక్కనే పటియాలా హౌస్ కోర్టులు కాబట్టి నల్లకోట్లు, మెడలో గుర్తింపు కార్డులతో కార్యాలయాల ఉద్యోగులు, పుస్తకాల సంచులతో సివిల్స్ కుర్రాళ్లు, ఒక పంజాబీ కుటుంబం మూడు తరాలతో. తెలుగువాళ్లు సగం కూడా లేరు. ఇక్కడికి ఫోన్ చేసి బల్ల పట్టి ఉంచమంటే కుదరదు. కౌంటర్లో డబ్బు కట్టి కూపన్ తీసుకోవాలి. మాంసం, చేప కావాలంటే దానికి వేరే కూపన్. తర్వాత నంబరు పిలిచేదాకా నిలబడాలి. లోపల ఎన్ని కుర్చీలు ఖాళీ అయితే అన్ని నంబర్లు. నలుగురి బల్ల దగ్గర ఇద్దరే ఉంటే మిగతా రెండూ ఎవరివైనా కావచ్చు.

"ఏటి, ఇంత ఎండలో నిలబడాలా? పెద్దవాళ్లు ఉంటారు గదా" అన్నారు బావగారు. న్యాయమైన మాటే. ఫిబ్రవరి కాబట్టి సరిపోయింది, మే నెలలో ఈ వరుస శిక్షే. మోకాళ్లు పట్టేసిన అమ్మమ్మల్ని ఇక్కడికి తీసుకొచ్చినవాళ్లు సగం దారిలో వెనక్కి వెళ్లడం నేను చూశాను. వరుసను మెచ్చుకునేవాడికి కాళ్లు బాగుండాలి.

నిలబడ్డంతసేపూ పక్కనున్న గోడ అవతలి సంగతి చెప్పాను. అది హైదరాబాద్ హౌస్. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ కోసం ఎడ్విన్ లుట్యెన్స్ 1920లలో గీసిన సీతాకోకచిలుక ఆకారపు భవనం. ఇప్పుడు కేంద్రం చేతిలో ఉంది. దేశానికొచ్చిన అధ్యక్షులకు, ప్రధానులకు అక్కడ విందులు ఇస్తుంటారు. ఆ బల్ల దగ్గర ఎవరి కుర్చీ ఎక్కడో ప్రోటోకాల్ అధికారులు ముందే రాసి పెడతారు. ఒకే గోడకు ఆ పక్కన పేరు రాసిన కుర్చీ, ఈ పక్కన దొరికిన కుర్చీ. ఆ మాటకొస్తే ఈ పక్క నేల కూడా ఇప్పుడు పంచుకున్నదే. 2014లో రాష్ట్రం విడిపోయాక పదేళ్లు నానిన వాటాల లెక్క 2024 మార్చిలో తెగింది. దాదాపు ఇరవై ఎకరాల్లో ఆంధ్రప్రదేశ్‌కు పదకొండున్నర, తెలంగాణకు ఎనిమిది పైచిలుకు. పప్పు మాత్రం ఇద్దరికీ ఒకే బకెట్లోంచి.

మా నంబరు హిందీలో పిలిచారు. బావగారికి అర్థమయ్యేలోపు ఇద్దరు మమ్మల్ని దాటి వెళ్లబోయారు. ట్రాలీని కుర్చీల సందుల్లోంచి లాగుతుంటే సాంబారు బకెట్ పట్టుకున్న కుర్రాడు "సార్, కాళ్లు, సార్, కాళ్లు" అంటూ గెంతాడు. మా బల్ల దగ్గర అప్పటికే ఇద్దరు కుర్రాళ్లున్నారు. బావగారు సీసాల సంచిని పాదాల మధ్య పెట్టుకుని, రెండు మడమలతో బిగించి కూర్చున్నారు. అది ఏమిటని ఎవరూ అడగలేదు. ఇక్కడ మద్యం ఉండదు, ఉంటుందని ఎవరూ అనుకోరు. నీళ్ల జగ్గు, దాని పక్కన కందిపొడి, నెయ్యి, గోంగూర పచ్చడి.

స్టీలు పళ్లెం వచ్చింది. పూరీ, కూర, వేపుడు, పప్పు, సాంబారు, చారు, పెరుగు, ఓ తీపి. మొదటి ముద్ద కందిపొడి, నెయ్యితో. బావగారు మాట మానేశారు. ఆయన మాట మానడం నాకు తెలిసి పెళ్లిపీటల మీద ఒకసారి, ఇప్పుడొకసారి. పప్పు రెండోసారి, మూడోసారి. అన్నం గరిటె పళ్లెం మీదికొస్తే చెయ్యి అడ్డం పెట్టడం, కుర్రాడు ఆ చెయ్యి పక్కనుంచే వెయ్యడం. చారు దగ్గరికొచ్చేసరికి ఆయన పళ్లెం వంచి జుర్రారు. ఎదుటి కుర్రాడు నవ్వి తనూ వంచాడు.

ఒకడిది శ్రీకాకుళం, ఒకడిది బీహార్‌లో దర్భంగా. ఇద్దరూ సివిల్స్‌కు చదువుతున్నారు. దర్భంగా అబ్బాయికి గోంగూర అనే మాట మాత్రం స్పష్టంగా వచ్చు. బల్ల కింద సంచి వాళ్ల కాలికి తగిలి గలగలమంది. బావగారు దాచలేదు. "అక్కడ ఓడ, ఇక్కడ ఢిల్లీ. ఈ ఊళ్లో దీన్ని ఎక్కడ కూర్చుని తాగాలి బాబూ?" అన్నారు. శ్రీకాకుళం అబ్బాయి పాలిటీ పాఠంలా అప్పజెప్పాడు: ఢిల్లీ ఎక్సైజ్ చట్టం 2009లోది, బహిరంగ స్థలంలో తాగితే అయిదు వేల దాకా జరిమానా, గొడవ చేస్తే పదివేలు, మూడు నెలల జైలు. లైసెన్స్ లేని హోటల్లో మన సీసా తెరిస్తే యజమాని కూడా చిక్కుల్లో పడతాడు. ఇంట్లో మాత్రం మనిషికి తొమ్మిది లీటర్ల విస్కీ, బ్రాందీ లాంటివి, పద్దెనిమిది లీటర్ల బీరు, వైను ఉంచుకోవచ్చు.

"నువ్వు తాగుతావా?"

"నాకింకా ఇరవై మూడే సార్. ఢిల్లీలో ఇరవై అయిదు నిండాలి."

ఇరవై ఒకటికి కలెక్టరు పరీక్ష రాయనిచ్చే దేశంలో, రాజధానిలో బీరుకు ఇరవై అయిదు. యమున దాటి నోయిడా వెళ్తే ఇరవై ఒకటే, గురుగ్రామ్‌లోనూ అంతే. ఒక్క మెట్రో టికెట్టుతో పిల్లవాడు పెద్దవాడైపోతాడు.

మేం చెయ్యి కడుక్కుని వచ్చేలోపు మా కుర్చీల్లో నల్లకోట్లు రెండు కూర్చున్నాయి. ఓడలో అయితే బావగారి బల్ల ఆయనదే, నాలుగు రాత్రులూ. "అక్కడ మా బల్ల దగ్గర ఆస్ట్రేలియా వాళ్లు ఇద్దరుండేవారు. రోజూ వాళ్లే. నాలుగో రోజుకి మాటలు అయిపోయాయి" అన్నారు బావగారు, దారిలో వక్కపలుకు నములుతూ.

మండీ హౌస్ స్టేషన్‌లో మళ్లీ ఎక్స్‌రే. ఈసారి జవాను సంచిని చేత్తో తీసి సీలు చూసి ఇచ్చేశాడు. బ్లూ లైన్ రైలు యమున దాటింది, అక్షరధామ్ దాటింది. అప్పుడు నాకు గుర్తొచ్చింది. మెట్రో రెండు సీసాలు ఒప్పుకున్నప్పుడే ఉత్తరప్రదేశ్ ఎక్సైజ్ వాళ్లు తమ మాట తాము చెప్పారు: ఢిల్లీ నుంచి తమ రాష్ట్రంలోకి మనిషికి ఒక్క సీసానే. బావగారికి చెప్పాను.

ఆయన లెక్కల మనిషి. ఢిల్లీలో ఆఖరి స్టేషన్ న్యూ అశోక్ నగర్ వచ్చేసరికి సంచి సీలు చింపారు. ఒక సీసా తన ట్రాలీలో పెట్టుకున్నారు. రెండోది నా భుజానికున్న సంచిలో, అక్క పంపిన ఊరగాయ పొట్లం పక్కన దోపి, జిప్పు తనే లాగారు.