మామ కారు – చెక్క అట్లకాడ

వంటింట్లో ఉండే అట్లకాడకు, వాకిట్లో ఉండే కారుకు ఏమిటి సంబంధం అని మీరు నవ్వుకోవచ్చు. పోయిన ఏప్రిల్ వరకు నేనూ అలాగే నవ్వుకునేదాన్ని. నేను చదివింది ఇంటర్మీడియట్. కారు తోలడం రాదు. అయినా డోన్‌లో మా ఇంటి వేపచెట్టు కింద, పాత ప్రీమియర్ పద్మిని కారు పక్కలకున్న బీడింగులన్నీ ఊడదీసింది నేనే. ఎందుకు తీయాల్సొచ్చిందో, ఎలా తీశానో, ఎక్కడ తప్పు చేశానో చెబుతాను.

ఆ కారు మా మామది. ఆయనకు బేతంచెర్ల నాపరాళ్ళ వ్యాపారం ఉండేది. 1989లో కర్నూలులో ఎవరి దగ్గరో సెకండ్ హ్యాండుకు కొన్నారట. మీగడ రంగు బండి, రెండు పక్కలా ముందు నుంచి వెనక దాకా తళతళలాడే సన్నటి బీడింగు. 2000లో పెళ్ళయ్యాక ఆళ్ళగడ్డ నుంచి నంద్యాల మీదుగా అత్తగారింటికి నేను వచ్చింది ఆ కారులోనే. గేరు కడ్డీ స్టీరింగు పక్కన ఉండటం చూసి వింతపడ్డాను. మా ఆడపడుచుల కాన్పులకు, అహోబిలం తిరునాళ్ళకు, చివరికి ఆవుదూడను పశువుల ఆసుపత్రికి తీసుకుపోవడానికి కూడా ఆ కారే. మా అత్త ప్రతి శుక్రవారం గడప కడిగాక ఒక తడిగుడ్డ, ఒక పొడిగుడ్డ పట్టుకుని ఆ బీడింగు తుడిచేది. గడపకు పసుపు, కారుకు గుడ్డ!

2019లో మామ పోయారు. కారు వేపచెట్టు కింద టార్పాలిన్ కప్పుకుని కూర్చుంది.

ఇప్పుడు అత్తకు మోకాళ్ళు పట్టేశాయి. ఉగాది నాడు ఉన్నట్టుండి, "ఒక్కసారి ఆ బండిలో అహోబిలం పోయొస్తే చాలమ్మీ, ఇంకేమీ అడగను" అంది. మా అబ్బాయి ఇంజనీరింగు చదువుతున్నాడు. వాడేమో, "అమ్మా, దాన్ని తూకానికి అమ్మేద్దాం. పాత సామాను వాళ్ళు వచ్చి తీసుకుపోతారు" అంటాడు. మా ఆయన ఎటూ తేల్చరు. చివరికి మెకానిక్‌ను పిలిపించారు. ఇంజను పరవాలేదన్నాడు గానీ, బీడింగు అంచుల్లో పెయింటు బుడగలు లేచి ఉండటం చూసి తల ఆడించాడు. "లోపల తుప్పు ఎంత తిన్నదో బీడింగు తీస్తేగానీ తెలీదు. రేకు మిగిలుంటే బాగుచేయొచ్చు, చిల్లులు పడుంటే దీని మీద డబ్బు పెట్టొద్దు" అన్నాడు. అంటే అత్త ప్రయాణం ఆ బీడింగు కింద దాగి ఉందన్నమాట.

అలా ఎందుకు అవుతుందంటే, బీడింగుకు, రేకుకు మధ్య సందు ఉంటుంది. దుమ్ము అందులో చేరుతుంది. మా ప్రాంతంలో రాతి దుమ్ముకు కొదవేముంది? కడిగిన నీళ్ళు, వాననీళ్ళు ఆ దుమ్ములో ఇంకి, పైన ఎండినా లోపల తడిగానే ఉంటాయి. పైగా క్లిప్పు కోసం రేకుకు చిల్లి పెట్టి ఉంటారు. ఆ చిల్లి అంచున పెయింటు పలచన. తుప్పు అక్కడే మొదలవుతుంది. బిగువైన గాజుల కింద తడి ఆరక చర్మం చెడిపోవడం మనకు తెలిసిందే కదా, ఇదీ అంతే.

"సరే, నువ్వే తీయి" అని మెకానిక్‌తో అన్నారు మా ఆయన. అతను వెంటనే స్క్రూడ్రైవరు తీశాడు. అత్త అరుగు మీద నుంచే "వద్దు నాయనా!" అని కేక పెట్టింది. దానికి కారణముంది. 2012లో ఒక పెయింటరు ఇలాగే స్క్రూడ్రైవరు పెట్టి ఎగదన్ని ఎడమ ముందు తలుపు బీడింగును విల్లులా వంచేశాడు. తలుపు మీద గోరు లోతున గీత పడింది. తక్కిన బీడింగులు తీయకుండానే వాటి అంచు దాకా రంగు కొట్టి ఇచ్చాడు. మామ నెల రోజులు దాని గురించే మాట్లాడారు. ఇప్పుడు వంగితే కొత్తది ఎక్కడ నుంచి తెస్తాం? 1964 నుంచి ఫియట్ 1100 డిలైట్ అన్న పేరుతో, 1974 నుంచి చిత్తోడు రాణి పేరుతో పద్మినిగా బొంబాయిలో తయారైన ఆ బండి 2001 నాటికి పూర్తిగా ఆగిపోయింది. ఆ ఊళ్ళో టాక్సీలుగా తిరిగిన పద్మినిలు కూడా 2023 అక్టోబరుతో రోడ్డు దిగిపోయాయి.

మెకానిక్ వెళ్ళిపోయాక అత్త నన్ను దగ్గరకు పిలిచి, "ఆ పొద్దు నా మెట్టెలు తీసినావు చూడు, అట్ల నువ్వే తీయి" అంది.

మామ పోయిన పదో రోజు మాట అది. అత్తవి అతుకు లేని చుట్టు మెట్టెలు, యాభై ఏళ్ళవి. వేళ్ళు ఉబ్బి ఉన్నాయి. ఎవరో పట్టకారు తెచ్చారు, ఇంకెవరో కత్తిరించేద్దాం అన్నారు. నేను వాళ్ళను పక్కకు జరగమని, సబ్బునీళ్ళు రాసి, దారం కొసను మెట్టె కిందుగా దూర్చి, మిగతా దారాన్ని వేలికి బిగువుగా గోరు వైపు చుట్టుకుంటూ పోయాను. తర్వాత ఆ దూర్చిన కొసను పట్టుకుని నెమ్మదిగా విప్పుతుంటే మెట్టె ఒక్కొక్క చుట్టూ ముందుకు జరిగింది. ఒక్క గీత పడలేదు. (అసలు తీయాలా వద్దా అన్నది వేరే సంగతి. ఆ మాట అనే ధైర్యం ఆ రోజు నాకు లేకపోయింది. ఇప్పటికీ అది నన్ను బాధపెడుతుంది.)

అత్త అలా అన్నాక కాదనలేకపోయాను.

ముందు కారును సబ్బునీళ్ళతో కడిగి ఆరబెట్టాను. బీడింగు పక్కన ఇసుక రేణువు ఉంటే అదే గీత గీస్తుంది. తర్వాత బీడింగుకు పైన, కింద పెయింటర్లు వాడే కాగితం టేపు రెండు వరసలుగా అంటించాను. ఎన్ని జాగ్రత్తలు పడినా చెయ్యి జారుతుంది, జారితే టేపు మీదనే జారాలి. మా ఆయన తలుపుల లోపలి అట్టలు విప్పి పెట్టారు. అది మంచిదైంది. మధ్యలో క్లిప్పులే గానీ, కొసల్లో బీడింగు వెనక చిన్న మర ఉండి, లోపలి నుంచి నట్టుతో బిగించి ఉంది. అది చూసుకోకుండా బయట నుంచి లాగితే వంగక ఏమవుతుంది? 2012లో జరిగిందీ అదే. కిరసనాయిలు మా ఇంట్లో ఇప్పుడు లేదు. హార్డ్‌వేరు షాపు నుంచి తుప్పు వదిలించే నూనె తెచ్చి నట్లకు కొట్టి ఒక రాత్రి వదిలేశాం. పొద్దునకు స్పానరుకు లొంగాయి.

ఇక అట్లకాడ సంగతి. నాన్‌స్టిక్ పెనంతో పాటు వచ్చిన చెక్క అట్లకాడలు రెండు నా దగ్గర ఉన్నాయి. వాటి అంచు గచ్చు మీద పలచగా అరగదీశాను. బీడింగు కొస దగ్గర మొదటి క్లిప్పు ఎక్కడుందో, లోపల టార్చి వేయించి చూసుకున్నాను. క్లిప్పుకు ఒక పక్కన ఒక అట్లకాడ, రెండో పక్కన ఇంకొకటి దూర్చి, రెండింటినీ ఒకేసారి కొంచెం మెలిపెడితే 'టక్' మని వదిలింది. అంతే, ఒక దోసె అంత పని! కానీ మొదటిది వదిలిందని కొస పట్టుకుని లాగకూడదు. బీడింగు పలచని రేకు. ఒకసారి మడత పడితే మళ్ళీ తిన్నగా రాదు. ఊడిన కొసను ఒకరు చేత్తో మోస్తూ ఉండాలి, ఇంకొకరు తర్వాతి క్లిప్పు దగ్గరకు పోవాలి. కొస మోసే పని మా ఆయనకు అప్పజెప్పాను. పాతికేళ్ళ కాపురంలో ఆయన ఇంత ఓపిగ్గా నా మాట విన్న రోజు ఇంకోటి లేదు.

వేళ కూడా చూసుకోవాలి. మిట్టమధ్యాహ్నం మా డోన్ ఎండకు రేకు ముట్టుకుంటే చెయ్యి కాలుతుంది. పాత పెయింటు మెత్తబడి లేచివస్తుంది. సాయంత్రం ఐదు దాటాక, నీడపట్టున, రేకు గోరువెచ్చగా ఉన్నప్పుడే చేశాం. చేతికి మందపాటి గుడ్డ తొడుగు వేసుకోండి. మొదటి రోజు నేను వేసుకోలేదు. తుప్పుపట్టిన క్లిప్పు బొటనవేలు కోసింది. తుప్పు గాయం కదా అని పసుపుతో సరిపెట్టక ధనుర్వాతం ఇంజక్షను కూడా వేయించుకున్నాను.

తీసినదానికల్లా వెనక టేపు ముక్క అంటించి 'కుడి వెనక తలుపు', 'ఎడమ ముందు రెక్క' అని రాశాను. చూడటానికి అన్నీ ఒకేలా ఉన్నా కొలతలు వేరు. గోడకు ఆనించకుండా మంచం మీద దుప్పటి పరిచి పడుకోబెట్టాను. ఆ మూడు రాత్రులు మా అబ్బాయికి చాపే గతి అయింది!

ఇక నా తప్పు. మొత్తం ఎనిమిదింటిలో ఏడు సాఫీగా వచ్చాయి. చివరిది కుడి వెనక రెక్క మీదిది. పొద్దు పోతోంది, పొయ్యి మీద పప్పు ఉంది, మా ఆయన ఫోను వచ్చిందని పక్కకు వెళ్ళారు. ఇంకొక్క క్లిప్పే కదా అని కొస పట్టుకుని గుంజాను. క్లిప్పు వదల్లేదు, బీడింగు మాత్రం బెత్తెడు దూరంలో ముడుచుకుంది. పెయింటు పెచ్చు కూడా అరచెంచా అంత లేచింది. అక్కడే కూలబడి ఏడ్చాను. పెయింటరును పదమూడేళ్ళు తిట్టుకున్నదాన్ని నేనే కదా! అత్త కర్ర పట్టుకుని వచ్చి దాన్ని చేత్తో తడిమి చూసింది. "మీ మామ ఆ పక్కనే ఒకసారి గేటుకు గుద్దినాడులే. నీకు తెలీదు. పప్పు మాడతాంది, పో" అంది.

తుప్పు విషయం చెప్పలేదు కదూ. ఎడమ వైపంతా పైపైనే ఉంది. కుడి వెనక తలుపు మీద రెండు క్లిప్పు చిల్లులు పెద్దవై వేలు పట్టేంత అయ్యాయి. తక్కిన రేకు గట్టిగా ఉంది. మెకానిక్ మళ్ళీ వచ్చి, సుత్తి పిడితో తట్టి చూసి, "చేయొచ్చు" అన్నాడు. ఆ చిల్లులకు రేకు ముక్కలు అతికించి, తుప్పు గీకి, రెడాక్సైడ్ కొట్టి, ఆ తర్వాతే రంగు వేశారు. బీడింగు లేకుండా రంగు వేస్తే కలిగే లాభం అప్పుడు కళ్ళారా చూశాం. రంగుకు అంచు అనేది లేకుండా ఒకటే పరుపులా పరుచుకుంది. అంచు లేచి ఉంటేనే కదా నీళ్ళు దూరేది!

ఈ లోపల నేను బీడింగులు శుభ్రం చేశాను. ఇక్కడ ఒక మాట. అంట్లు తోమే పొడి, ఇనుప పీచు, సోడా దగ్గరకు రానివ్వకండి. సోడా తగిలితే అల్యూమినియం గిన్నెలు ఎలా నల్లబడతాయో మీకు తెలుసు. పలచని సబ్బునీళ్ళు, మెత్తటి పాత పంచె చాలు. మూలల్లోని మట్టికి పాత పళ్ళ బ్రష్షు.

నా పేరు వీధిలో పాకి, పక్కింటి టీచరమ్మ తన మారుతి 800కు ఉన్న నల్ల రబ్బరు పట్టీ తీసిపెట్టమంది. ఈ రకానికి అట్లకాడ పనికిరాదు. దానికి క్లిప్పులుండవు, రెండు వైపులా అంటుకునే టేపుతో అతికించి ఉంటుంది. కాసేపు ఎండలో పెడితే చాలు, జిగురు మెత్తబడుతుంది. చలికాలమైతే జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యరు కొంచెం దూరంగా పట్టి, కదుపుతూ ఉండాలి. ఒకేచోట పెడితే పెయింటు బుడగ లేస్తుంది. పూసలు గుచ్చే నైలాన్ దారం పట్టీ వెనక దూర్చి, రంపం లాగినట్టు అటూ ఇటూ లాగుతూ పోతే జిగురును కోసేస్తుంది. మిగిలిన జిగురును బొటనవేలితో చపాతీ పిండిలా నలిపితే ఉండలై రాలుతుంది. రాలనిదానికి కొబ్బరినూనె రాసి పావుగంట ఆగాలి. తర్వాత సబ్బుతో నూనె జిడ్డు పూర్తిగా పోయేలా కడగాలి, లేకపోతే కొత్త రంగు పట్టదు. కారుకు ఇదివరకే ఒకసారి రంగు వేయించి ఉంటే మాత్రం మరీ నిదానంగా చేయాలి. పైపూత పట్టీతో పాటే లేచొస్తుంది. ఈ సంగతి టీచరమ్మకు ముందే చెప్పి ఒప్పించుకున్నాకే చెయ్యి వేశాను.

మా కారు బీడింగులు జూన్‌లో మళ్ళీ ఎక్కించాం. పాత క్లిప్పులు తుప్పుపట్టి విరిగిపోయాయి. కొలతకు సరిపోయేవి హైదరాబాదు నుంచి మా అబ్బాయే వెతికి తెచ్చాడు. బండిని తూకానికి వేద్దామన్న వాడే! ప్రతి చిల్లి చుట్టూ గ్రీజు పూసి, క్లిప్పు కింద సన్నటి రబ్బరు వాషరు వేసి అరచేత్తో నొక్కాం. వంగిన ఆ రెండింటినీ చెక్క మీద పెట్టి రబ్బరు సుత్తితో తట్టాం. కొంత తగ్గింది, కొంత అలాగే ఉంది. ఎండ ఏటవాలుగా పడ్డప్పుడు కనబడుతుంది.

అహోబిలం ప్రయాణానికి పొద్దున్నే నాలుగింటికి లేచి పులిహోర కలిపాను. అత్త ముందు సీట్లో కూర్చుంది. ఆళ్ళగడ్డ దాటాక కిటికీలోంచి చెయ్యి బయట పెట్టి, తలుపు మీది బీడింగును వేళ్ళతో తడుముతూ కూర్చుంది. నేను వెనక నుంచి చూస్తూ ఉన్నాను. ఇంటికి వచ్చాక గుర్తొచ్చింది, 'ఎడమ ముందు తలుపు' అని రాసిన టేపు ముక్క దాని వెనక నుంచి తీయనేలేదు. మా ఆయన మళ్ళీ ఊడదీద్దామా అన్నారు. అట్లకాడలు రెండూ వంటింట్లోకి వెళ్ళిపోయాయని చెప్పాను.