ఎన్ని ఎక్స్‌లండీ?

హైదరాబాద్ కోఠీలో కెమెరా దుకాణం మెట్లెక్కిన కొత్త కొనుగోలుదారు చాలాసార్లు ధర కన్నా ముందు అడిగే ప్రశ్న ఒకటుంది: "దీనికి ఎన్ని ఎక్స్‌ల జూమ్ అండీ?" దుకాణదారుకీ ఆ ప్రశ్నే ఇష్టం. జవాబు ఒక్క అంకెలో అయిపోతుంది. 50, 65, 83, 125. పెద్ద అంకె చెప్పగానే సగం బేరం కుదిరినట్టే.

నిజానికి ఆ అంకె చెప్పేది బహు తక్కువ. లెన్సు ఎంత దూరం లాగగలదో, ఎంత వెడల్పుగా చూడగలదో ఆ రెండు కొలతలు తీసుకుని, పెద్దదాన్ని చిన్నదానితో భాగిస్తే వచ్చేదే ఎక్స్. 2012లో వచ్చిన క్యానన్ ఎస్‌ఎక్స్50 హెచ్‌ఎస్ లెన్సు 24 మి.మీ. దగ్గర మొదలై 1200 దగ్గర ఆగుతుంది. అంటే 50 ఎక్స్. 2017 నాటి పానాసోనిక్ ఎఫ్‌జెడ్80 కూడా 1200 దగ్గరే ఆగుతుంది కానీ 20 దగ్గర మొదలవుతుంది, కాబట్టి దాని డబ్బా మీద 60 అని అచ్చేశారు. చెరువు అవతలి గట్టున నిలబడ్డ కొంగ రెండింట్లోనూ అంతే పెద్దదిగా కనిపిస్తుంది. ఎక్కువొచ్చిన ఆ 10 ఎక్స్‌లు పెళ్లిపందిట్లో రెండువైపుల చుట్టాలనీ ఒకే ఫొటోలో ఇరికించడానికి పనికొస్తాయి. అదీ అవసరమే, కాదనలేం. పిట్టల కోసం కెమెరా కొనేవాడు మాత్రం 35 ఎం.ఎం. లెక్కలో (పాత ఫిల్ము సైజు సెన్సారుండే ఫుల్‌ఫ్రేమ్ కెమెరాకి సరిపోల్చి చెప్పే లెక్క) చివరి అంకె ఎంతో అడగాలి.

ఆ చివరి అంకె మీద జరిగిన పోటీ చూడ్డానికి సరదాగా ఉంటుంది. 2015 మార్చిలో నికాన్ పి900 ప్రకటించింది: 24 నుంచి 2000 దాకా. ఆకాశంలో చుక్కంత ఉన్న చంద్రుణ్ణి గుంటలు లెక్కపెట్టేంత దగ్గరికి లాగిన వీడియోలు యూట్యూబ్‌లో మోత మోగించాయి. భూమి బల్లపరుపుగా ఉందని వాదించేవాళ్లకి కూడా ఇది ప్రాణప్రదమైన కెమెరా అయింది. కంటికి ఆనకుండా పోయిన ఓడని జూమ్‌తో మళ్లీ చూపించి, "వంపు ఏదీ?" అనేవాళ్లు. కంటికి ఆననంత చిన్నదైపోయిన ఓడని లెన్సు చూపగలదు. వంపు వెనక్కి దిగిపోయిన ఓడ అడుగుభాగాన్ని ఏ లెన్సూ పైకి లేపలేదు. వాళ్ల వీడియోలనే జాగ్రత్తగా చూస్తే ఆ సంగతి తెలిసిపోతుంది, అది వేరే కథ.

2018లో అదే నికాన్ పి1000 తెచ్చింది. 125 ఎక్స్, చివరి అంకె 3000. పూర్తిగా లాగితే చంద్రుడు ఫ్రేములో పట్టడు, అంచులు తెగిపోతాయి. బరువు 1,415 గ్రాములు. 2025లో వచ్చిన పి1100లోనూ లెన్సు అదే, పరిధి అదే. పైకి కనిపించే పెద్ద మార్పు యూఎస్‌బీ-సి రంధ్రం.

ఇంత లాగే లెన్సు చేతిలో పట్టే కెమెరాలో ఎలా ఇమిడిందంటే, సెన్సారు బుల్లిది కాబట్టి. పి1000 లెన్సు అసలు ఫోకల్ పొడవు 539 మి.మీ. మాత్రమే. దాని వెనకున్న సెన్సారు అటూ ఇటూగా 6.2 మి.మీ. వెడల్పు, 4.6 మి.మీ. ఎత్తు. ఫుల్‌ఫ్రేమ్ సెన్సారుతో పోలిస్తే విస్తీర్ణంలో ముప్పయ్యో వంతు. అంతే ఫోకల్ పొడవున్న లెన్సుతో ఫుల్‌ఫ్రేమ్ సెన్సారు పట్టే దృశ్యంలో నడిమి ముక్కని మాత్రమే ఈ సెన్సారు అందుకుంటుంది, అందుకే 539 కాస్తా 3000లా పనిచేస్తుంది.

దీనికి చెల్లించేది వెలుతురుతో. పి1000 వెడల్పు చివర ఎఫ్/2.8తో తెరుచుకునే లెన్సు, పూర్తిగా లాగేసరికి ఎఫ్/8కి కుంచించుకుపోతుంది. సెన్సారు మీద పడే వెలుగు ఎనిమిదో వంతుకి పడిపోతుందన్నమాట. పైగా ఎఫ్/8 దగ్గర ఎంత నిఖార్సైన లెన్సయినా ఒక చుక్కని పది మైక్రాన్ల మసక వలయంగానే వేస్తుంది. అది కాంతి స్వభావం. ఇక్కడి పిక్సెల్ వెడల్పేమో 1.3 మైక్రాన్లు. 16 మెగాపిక్సెళ్లని రాసినా, ఆ చివర అన్ని పిక్సెళ్లకీ పని దొరకదు.

ఇదంతా విని పెద్ద జూమ్ అంటే మోసమనుకుంటే పొరపాటు. దసరా నాడు తెలంగాణలో జనం వెతుక్కుంటూ వెళ్లి మరీ చూసే పాలపిట్టనే తీసుకుందాం. మూతి నుంచి తోక దాకా అడుగు పొడవుంటుంది. కరెంటు తీగ మీద, ముప్పై మీటర్ల దూరంలో కూర్చుందనుకుంటే 600 మి.మీ. లెన్సులో ఫ్రేము వెడల్పులో ఆరో వంతు ఆక్రమిస్తుంది. 1200లో మూడో వంతు. పి900ని 2000 దాకా లాగితే సగానికి పైగా నిండుతుంది. పట్టపగలు, పిట్ట కదలకుండా కూర్చుంటే ఈ చివరిది కొట్టే ఫొటో, దాని ధరలో దొరికే మరే పరికరానికీ సాధ్యం కాదు. కళ్లలో మెరుపు దాకా వస్తుంది. పాలపిట్ట ఎగిరిన మరుక్షణం కథ మారిపోతుంది. ఆ నీలిరంగు రెక్కలు విప్పినప్పుడే కదా దాని అసలు అందం! దాన్ని పట్టాలంటే సెకనులో వెయ్యో వంతు కన్నా వేగంగా షట్టర్ పడాలి. అంత వెలుతురు ఈ లెన్సు తేలేదు, ఫోకస్ కూడా అందుకోలేదు.

ఇక్కడే ప్రత్యామ్నాయాల సంగతి వస్తుంది. 2017లో వచ్చిన సోనీ ఆర్‌ఎక్స్10 మార్క్ 4 డబ్బా మీద 25 ఎక్స్ అని చూసి మొహం చిట్లించేవాళ్లుంటారు. 24 నుంచి 600 దాకా వెళ్లి ఆగిపోతుంది. దీని సెన్సారు పై చెప్పిన బుల్లిదానికి నాలుగింతలు. 600 దగ్గర కూడా ఎఫ్/4తో తెరుచుకునే ఉంటుంది, సెకనుకి 24 ఫొటోలు తీస్తుంది, ఎగిరే పిట్టని వెంటాడే ఫేజ్ డిటెక్షన్ ఫోకస్ ఉంది. పాలపిట్ట ఫ్రేములో ఆరో వంతే అన్నాం కదా, ఆ ముక్క కత్తిరించినా 900 పిక్సెళ్ల వెడల్పుంటుంది. ఫోన్‌లో చూడ్డానికీ పోస్ట్‌కార్డు సైజు ప్రింటుకీ ధారాళంగా సరిపోతుంది. పిట్టల ఫొటోల మీద నిజంగా మోజున్నవాళ్లకి, అంత డబ్బు పెట్టగలిగితే, ఈ వ్యాసకర్త ఓటు దీనికే. పాతది దొరికినా సరే.

చవకలో దానికి దగ్గరగా వచ్చేది పానాసోనిక్ ఎఫ్‌జెడ్300. ఇదీ 600 దాకానే. సెన్సారు బుల్లిదే, కానీ మొదటి నుంచి చివరి దాకా ఎఫ్/2.8. అంటే సోనీ కన్నా రెట్టింపు తెరుచుకుంటుంది, నాలుగో వంతు సెన్సారు మీద. లెక్క తేలిస్తే అందే మొత్తం వెలుగు సోనీలో సగం. పి900తో పోలిస్తే చాలా నయం. పైగా దుమ్మూ నీటి తుంపరా లోపలికి పోకుండా కట్టుదిట్టం చేసిన కెమెరా, పడవలో కూర్చుని తీసేవాళ్లకి అదొక ధీమా.

ఇక లెన్సులు మార్చుకునే కెమెరా అనగానే బండెడు బరువని బెదిరిపోయేవాళ్లు ఒకసారి తూకం వేసి చూడాలి. క్యానన్ ఆర్10 బాడీ 429 గ్రాములు, ఆర్‌ఎఫ్ 100-400 లెన్సు 635. రెండూ కలిపి కిలో మీద 64 గ్రాములు. పి900 తరువాత 2020లో వచ్చిన పి950 బరువు 1,005. తేడా ఒక కోడిగుడ్డంత! క్యానన్ సెన్సారు మీద ఆ 400 కాస్తా 640లా పనిచేస్తుంది. ఖర్చు మాత్రం బాగా పెరుగుతుంది, వెడల్పు ఫొటోలకి ఇంకో లెన్సు కొనాల్సి వస్తుంది.

ఎవరికి ఏది అన్నది వెళ్లే చోటుని బట్టి తేలుతుంది. గుంటూరు దగ్గరి ఉప్పలపాడు చెరువుల్లో పెలికాన్లు, ఎర్రకాళ్ల కొంగలు గట్టు మీద నిలబడ్డవాళ్లకి దగ్గర్లోనే చెట్ల మీద గూళ్లు కట్టుకుంటాయి. 600 మిగిలిపోతుంది కూడా. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు మీద ఆగి పులికాట్‌లో రాజహంసల్ని తీయాలంటే 2000 కూడా ఒక్కోసారి చాలదు. కొల్లేరులో, కైకలూరు దగ్గరి ఆటపాకలో పడవెక్కితే మళ్లీ లెక్క మారుతుంది, పడవ ఊగుతుంటుంది కాబట్టి లాగినకొద్దీ ఫ్రేములోంచి పిట్ట జారిపోతుంది.

అసలు పిట్టని ఫ్రేములోకి తెచ్చుకోవడమే పెద్ద లాగుడు లెన్సులతో మొదటి గండం. 2000 దగ్గర కెమెరా చూసేది ఆకాశంలో ఒక్క డిగ్రీ ముక్క. చేయి వేలెడు వణికితే ఖాళీ ఆకాశమే. అందుకే నికాన్ ఈ కెమెరాల లెన్సు పక్కన ఒక బటన్ పెట్టింది. నొక్కితే జూమ్ కాస్త వెనక్కొస్తుంది, పిట్టని మధ్యకి తెచ్చుకుని వదిలేస్తే మళ్లీ ముందుకి పోతుంది. క్యానన్ ఎస్‌ఎక్స్70లోనూ ఇలాంటిది ఉంది. 65 ఎక్స్, 1365 దాకా, 600 గ్రాములు దాటీ దాటని బరువు. ప్రయాణాల్లో భుజానికి తగిలించుకుని మర్చిపోవచ్చు. దుకాణంలో మెగాపిక్సెళ్ల గురించి అడిగేవాళ్లు ఈ బటన్ గురించి అడగరు.

రెండో గండం గాలి. ఎండెక్కాక నేల మీంచి, నీళ్ల మీంచి లేచే వేడిగాలి పొరలు దూరపు బొమ్మని వణికించేస్తాయి. మధ్యాహ్నం రెండింటికి అరకిలోమీటరు దూరంలోని రాజహంసల్ని 3000తో తీస్తే గులాబీ మరకలే మిగులుతాయి. ఎంత ఖరీదైన లెన్సూ దాన్ని సరిచేయలేదు. పొద్దున్నే వెళ్లాలి. పొద్దున్న వెలుతురు తక్కువ, ఎఫ్/8 లెన్సుకి అది చాలదు. ఈ రెండింటి మధ్య పి1000 యజమానులకి దొరికేది ఓ రెండు గంటల వ్యవధి.

"ఫోన్‌లోనే 100 ఎక్స్ ఉంది కదా" అనేవాళ్లూ ఉన్నారు. 2020లో శామ్‌సంగ్ ఎస్20 అల్ట్రా ఆ అంకెతోనే వచ్చింది. అందులో గాజు చేసే పని నాలుగైదు ఎక్స్‌లే, మిగతాది పిక్సెళ్లని సాగదీయడం. 2023లో ఒకరు కంప్యూటర్ తెర మీద కావాలని మసక చేసిన చంద్రుడి బొమ్మని శామ్‌సంగ్ ఫోన్‌తో తీస్తే, తెర మీద లేని గుంటలు ఫొటోలో ప్రత్యక్షమయ్యాయి. చంద్రుణ్ణి గుర్తుపట్టి వివరాలు మెరుగుపరిచే ఏఐ తమ ఫోన్లలో ఉందని కంపెనీయే వివరించింది. పాలపిట్టకి ఆ సదుపాయం లేదు.

ఫోన్లే ఈ సంతని కూల్చాయన్నది మాత్రం నిజం. 2010లో ప్రపంచమంతటా 12 కోట్లకి పైగా డిజిటల్ కెమెరాలు దుకాణాలకి చేరితే 2021లో అవి 84 లక్షలకి పడిపోయాయని జపాన్ తయారీదారుల సంఘం లెక్కలు చెబుతాయి. అందుకే పైన చెప్పిన మోడళ్లు చాలావరకు పాతవి, కొన్నిటికి వారసులే లేరు. సెకండ్ హ్యాండ్‌లో వెతకక తప్పదు.

అలా కొనేటప్పుడు ముందు జూమ్‌ని పూర్తిగా లాగి, వెనక్కి తెచ్చి, మోటారు చప్పుడు వినాలి. లెన్సులోకి టార్చి వేసి బూజు పోగులున్నాయేమో చూడాలి. విశాఖ, కాకినాడ వంటి తేమ ఊళ్లలో బీరువాలో మగ్గిన కెమెరాలకి ఇది మామూలే. తర్వాత కెమెరాని షాపు బయటికి తెచ్చి, రోడ్డు చివర ఉన్న బోర్డు మీద పూర్తి జూమ్‌తో ఫోకస్ చేయాలి. పి900 అయితే రా ఫైళ్లు (కెమెరా సవరించని ముడి ఫొటోలు) ఇవ్వదు, అవి కావాలంటే పి950కే పోవాలి. క్యానన్ ఆర్10 తప్ప వీటన్నిట్లో లెన్సూ బాడీ ఒకటే ముద్ద కాబట్టి లోపల దుమ్ము చేరినా మోటారు ఆగినా ఇంట్లో విప్పి తుడుచుకునేది కాదు. ఆ మోడల్ విడిభాగాలు ఇంకా దొరుకుతున్నాయా అని సర్వీస్ సెంటర్‌కి ఒక ఫోన్ చేసి కనుక్కున్నాకే డబ్బు చేతికివ్వాలి.