పెడల్ కింద పావలాలు

టక్!

పెద్ద శబ్దమేం కాదు. ఎండుపుల్ల విరిగితే ఎంత వినిపిస్తుందో అంతే. శనివారం పొద్దున్నే గడివేములలో మా చిన్నాయన ఇంటి ముందు, వేపచెట్టు కింద జీపు అప్పుడే స్టార్టయింది. చిన్నాయన గేరు వేద్దామని క్లచ్ తొక్కాడు. కాలు తీశాడు. పెడల్ మాత్రం పైకి రాలేదు. అలిగిన పిల్లాడిలా నేలకు అతుక్కుని కూర్చుంది.

మర్నాడు మేం అహోబిలం పోవాలి. నేను హైదరాబాదు నుంచి వచ్చిందే అందుకు. 'బస్సులో పోదాంలే' అంటే చిన్నాయన ఒప్పుకోడు. జీపు ఉండగా బస్సేంది అంటాడు. ఆయన 1989లో సెకండ్‌హ్యాండులో కొన్న మహీంద్రా జీపది. పెడళ్లు నేలలోంచి పైకి పొడుచుకు వచ్చే పాతరకం. ఇంటికి కోడలు వచ్చినా, ఆసుపత్రికి మనిషి పోయినా, పొలానికి విత్తనాల మూట చేరినా అందులోనే.

"ఏం కాలేదప్పా. బూటు ముందు భాగంతో పైకి లేపుకుంటా తోలొచ్చు" అన్నాడు చిన్నాయన. చాలామంది అలాగే తోలుతారు కూడా. కానీ అది ఎన్నాళ్లో సాగే పద్ధతి కాదు.

ఎందుకో చెప్పాలంటే జీపు కింద పడుకోవాలి. పడుకున్నాను. పాత జీపుల్లో ఇదొక సుఖం. నేలకు ఎంత ఎత్తుగా ఉంటాయంటే చిన్నచిన్న పనులకు జాకీ కూడా అక్కర్లేదు. ఇంజను ఆపి, హ్యాండ్ బ్రేకు లాగి, చక్రాలకు ముందూ వెనకా రాళ్లు పెట్టి, గోనెసంచి పరుచుకుంటే చాలు. పెడల్ కింద ఒక కడ్డీ, ఆ కడ్డీ చివర మీట. ఆ మీట గేరుబాక్సు ముందున్న డబ్బాలోకి పోయి, లోపల ఒక బేరింగును ముందుకు నెడుతుంది. బేరింగు నెట్టినప్పుడు క్లచ్ ప్లేటు మీద పట్టు వదులవుతుంది, గేరు పడుతుంది. కాలు తీయగానే పెడల్‌ను వెనక్కి లాగి, బేరింగును ప్లేటుకు దూరంగా ఉంచడం స్ప్రింగు పని. ఆ స్ప్రింగు లేకపోతే పెడల్ బరువు బేరింగు మీదే పడుతుంది. ఇంజను తిరుగుతున్నంతసేపూ అది రాపిడికి గురవుతూ అరుగుతుంది. క్లచ్ పూర్తిగా పట్టక జారితే మాడు వాసన కూడా మొదలవుతుంది. వేలెడు స్ప్రింగును పట్టించుకోకపోతే, చివరికి గేరుబాక్సు దింపాల్సిన పని మీద పడుతుంది!

కిందికి వేలాడుతున్న స్ప్రింగు ముక్కను కటింగ్ ప్లేయరుతో ఊడదీశాను. విరిగింది కొక్కెం దగ్గర. సాధారణంగా అక్కడే విరుగుతాయి. చుట్టలన్నీ బరువును పంచుకుంటాయి గానీ, తీగ వంపు తిరిగి కొక్కెంగా మారే చోట ఒత్తిడంతా ఒక్క బిందువు మీద పడుతుంది. లాగినంత మేరకే స్ప్రింగు వెనక్కి లాగుతుందని ఇంగ్లండుకు చెందిన రాబర్ట్ హుక్ 1678లో పుస్తకం రాసి మరీ చెప్పాడు. ఎన్ని వేలసార్లు లాగితే తెగుతుందో మాత్రం జీపు డ్రైవర్లే కనిపెట్టాల్సి వచ్చింది.

ముక్కను జేబులో వేసుకుని మోటారుసైకిలు మీద నంద్యాల బయల్దేరాను. స్పేరుపార్టు కొనేటప్పుడు పాత ముక్క వెంట ఉండాలి. లేకపోతే అంగడిలో మూడు రకాలు ముందు పడేస్తారు, మనం మూడూ ఒకటే అనుకుంటాం. పొడవు, తీగ మందం, కొక్కెం తిరిగిన దిక్కు... మూడూ కలవాలి.

గడివేముల నుంచి నంద్యాల దారి నాకు చిన్నప్పటి నుంచీ తెలిసిందే. అటూ ఇటూ నల్లరేగడి. కేసీ కెనాల్ నీళ్లందే చోట వరి, అందనిచోట శనగ, మినుము, పత్తి. బిలకలగూడూరు సిమెంటు ఫ్యాక్టరీ వచ్చాక లారీలు పెరిగాయి. 2022 ఏప్రిల్ 4న నంద్యాల జిల్లా అయ్యాక బోర్డుల మీద కర్నూలు పోయింది. రేగడి మాత్రం మారలేదు. ఎండాకాలం పాదం పట్టేంత నెర్రెలు. వాన పడితే ఒక్కో చెప్పుకు కిలో మట్టి. ఆ బురదలో ట్రాక్టరు తర్వాత ధైర్యంగా దిగిన బండి జీపే. నాలుగు చక్రాలకూ శక్తినిచ్చే ఆ చిన్న లివరు లాగితే, ఎద్దులు మొరాయించిన చోట కూడా మూలుగుతూ బయటికొచ్చేది.

నిజానికి దాన్ని బురద కోసమే తయారుచేశారు. మన బురద కాదు, యుద్ధభూమి బురద. 1940లో అమెరికా సైన్యం అడిగితే, బాంటమ్ అనే చిన్న కంపెనీ 49 రోజుల్లో తొలి నమూనా అప్పగించింది. తర్వాత విల్లీస్, ఫోర్డ్ కంపెనీలు లక్షల సంఖ్యలో తయారుచేశాయి. సైనికుడు దారిలోనే విప్పి, బాగుచేసుకుని పోవాలన్నది అందులో కిటుకు. 1945లో మొదలైన మన మహీంద్రా కంపెనీ, 1947లో విల్లీస్ జీపుల విడిభాగాలు తెప్పించి ఇక్కడ బిగించడం ప్రారంభించింది. అలా యుద్ధం కోసం పుట్టిన బండి గడివేములలో శనగల మూటలు మోసింది. సినిమాల్లో సీమ జీపు అనగానే బాంబులు, వేటకొడవళ్లు చూపిస్తారు. మా చిన్నాయన జీపులో నేను చూసిన అత్యంత ప్రమాదకరమైన వస్తువు, పెళ్లికి పోతూ చిన్నమ్మ ఒళ్లో పెట్టుకున్న వేడివేడి ఓళిగల గిన్నె.

నంద్యాలలో ఆటోమొబైల్ అంగడాయన ముక్కను అటూ ఇటూ తిప్పి చూసి నవ్వాడు.

"యాడిదన్నా ఇది? జీపు స్ప్రింగు కాదే. సైకిల్ స్టాండుది!"

నేను తెల్లమొహం వేశాను. ఆయన అసలు స్ప్రింగు తీసి పక్కన పెట్టాడు. తీగ మందం చూస్తేనే తేడా తెలిసిపోయింది. జీపుది బొటనవేలంత లావు చుట్ట. మాది దాని పక్కన పిల్లది. ఎవరో కావాలనే పలుచటిది తగిలించారు. ఎవరో అంటున్నా గానీ, ఆ జీపు కింద దూరేది ఒక్కడే.

ఇంటికొచ్చి రెండూ అరుగు మీద పక్కపక్కన పెట్టాను. చిన్నాయన వాటిని చూశాడు. కాసేపు వేపచెట్టును చూశాడు.

"పోయినేడు మార్చినా. పెడల్ గట్టిగా ఉండాదని" అన్నాడు మెల్లగా. "ఎడమ మోకాలు... తొక్కలేకపోతాండా."

గడపలో బియ్యం చెరుగుతున్న చిన్నమ్మ చేట ఆగిపోయింది. "ఏడాది నుంచి నొప్పి పెట్టుకొని నాతో ఒక్క మాట చెప్పలేదా?" అంది. చిన్నాయన దగ్గర జవాబు లేదు. చెబితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. మోకాలు నొప్పి అనగానే కొడుకులు బెంగళూరు నుంచి ఫోను చేసి జీపు అమ్మెయ్యమంటారు. అప్పటికే రెండుసార్లు అన్నారట.

ఇందులో ఇంకో విచారం ఉంది. చెప్పాలా వద్దా అని తటపటాయించి చెప్పేశాను. క్లచ్ గట్టిగా ఉండటానికి అసలు కారణం ఈ స్ప్రింగు కాదు. లోపల ప్రెషర్ ప్లేటులో ఉండే గట్టి స్ప్రింగులు. మనం తొక్కే బలంలో ఎక్కువ భాగం వాటి మీదే ఖర్చవుతుంది. బయటి స్ప్రింగు పెడల్‌ను వెనక్కి తేవడానికే. పలుచటిది పెట్టినందువల్ల మోకాలికి దక్కిన లాభం అతి స్వల్పం. బేరింగుకు మాత్రం ముప్పు.

"అంటే ఏడాదిగా ఉత్తిత్తినే సుఖంగా ఉండాదనుకున్నానా?" అన్నాడు చిన్నాయన. అని, తనే ముందుగా నవ్వాడు.

ఇక బిగించడం. కొత్త స్ప్రింగు ఒక కొక్కెం ఛాసిస్‌కున్న కంతలో, రెండోది పెడల్ మీటకున్న కంతలో పడాలి. ఈ రెండు కంతల మధ్య దూరం కన్నా స్ప్రింగు పొట్టిగా ఉంటుంది. లాగి తగిలించాలి. పట్టు జారితే మొహం మీదికి వస్తుంది, కాబట్టి కళ్లద్దాలు తప్పనిసరి. రెండుసార్లు ప్లేయరుతో లాగాను. రెండుసార్లూ జారింది. మోచేయి చర్మం లేచింది.

"అట్ల కాదు గానీ, ఉండు" అని చిన్నాయన లోపలికి పోయి ఒక పాత డబ్బా తెచ్చాడు. నిండా పావలా బిళ్లలు! 2011 జూన్ 30తో చెల్లకుండా పోయినవి. బ్యాంకులో మార్చుకోక ఎందుకు దాచాడని చిన్నమ్మ ఏళ్లుగా సణుగుతున్న డబ్బా అదే. ఆయన స్ప్రింగును మోకాలికి ఆనించి విల్లులా వంచాడు. వంచిన వైపు చుట్టల మధ్య సందులు తెరుచుకున్నాయి. ఒక్కో సందులో ఒక్కో పావలా దూర్చాడు. మళ్లీ అవతలి వైపుకు వంచి మరికొన్ని. పద్నాలుగు పట్టాయి. ఇప్పుడు స్ప్రింగు దానంతట అదే సాగి ఉంది, చేత్తో లాగే పనే లేదు. నేను కింద పడుకుని రెండు కొక్కేలూ చక్కగా తగిలించాను. పైనుంచి చిన్నాయన చేత్తో పెడల్‌ను నెమ్మదిగా నొక్కాడు. స్ప్రింగు ఇంకాస్త సాగి, పావలాలు గోనెసంచి మీద టపటపా రాలాయి. పదమూడు. పద్నాలుగోది ఇరుక్కుంది. స్క్రూడ్రైవరు మొనతో పొడిస్తే అదీ వచ్చింది. లెక్క సరిపోయేదాకా ఆయన నన్ను బయటికి రానివ్వలేదు. చుట్టల మధ్య ఒక్క బిళ్ల మిగిలినా స్ప్రింగు మళ్లీ విరుగుతుందట.

కంతల దగ్గర కాస్త గ్రీజు. తర్వాత చివరి పరీక్ష... పెడల్‌ను చేత్తో నొక్కితే మొదట ఓ అంగుళం దాకా తేలిగ్గా దిగి, ఆ తర్వాత బరువు తగలాలి. తగిలింది. ఆ ఖాళీ అంగుళమే బేరింగుకు రక్ష.

సాయంత్రం గని వైపు తీసుకెళ్లి చూశాం. గనిలో, పక్కనున్న శకునాలలో దాదాపు ఆరువేల ఎకరాల్లో 2017లో వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు వచ్చింది. దూరం నుంచి చూస్తే నల్లటి చెరువులా ఉంటుంది. "ఒకప్పుడు ఈ దిక్కు జీపు తప్ప ఏదీ వచ్చేది కాదు" అన్నాడు చిన్నాయన. ఎడమ సీట్లో కూర్చుని.

ఆదివారం నేనే తోలాను. నంద్యాల చుట్టూ నవనందులు, అహోబిలంలో నవ నారసింహులు. మధ్యలో జాతీయ రహదారి. ఆళ్లగడ్డలో రోడ్డుపక్క శిల్పులు అప్పటికే ఉలి పట్టుకున్నారు. నేను గేరు మార్చిన ప్రతిసారీ పక్కసీట్లో చిన్నాయన ఎడమకాలు ఖాళీ నేలను తొక్కుతోంది. ఆయనకు తెలియకుండానే!

మా జీపును దిగువ అహోబిలంలో ఆపి, పావన నరసింహుడి గుడికి అక్కడి జీపెక్కాం. నల్లమలలో ఆ దారిని దారి అనడం మర్యాద కోసమే. బండరాళ్లు, గుంతలు, వెదురు. ఒక చక్రం గాల్లో ఉంటే మిగతా మూడూ పని చేస్తుంటాయి. వెనక భక్తులు గోవిందా అంటున్నారు. చిన్నాయన మాత్రం డ్రైవరు కాళ్ల వంకే చూస్తున్నాడు. గుడి దగ్గర ఆగగానే వంగి, కింద చూసి వచ్చాడు.

"రెండు స్ప్రింగులు ఏసినాడప్పా! ఒకటి తెగినా ఇంగొకటి ఉంటాదని." దర్శనం కన్నా అదే ఆయనకు ఎక్కువ తృప్తినిచ్చినట్టుంది.

తిరిగొచ్చేసరికి చీకటి పడింది. గడివేముల పొలిమేరలో చిన్నాయన నా భుజం తట్టాడు. "ఆపు. ఊళ్లోకి నేను తోల్తా."

సీటు మారాం. ఆయన క్లచ్ తొక్కి రెండో గేరు వేశాడు. ఆ ఒక్క గేరులోనే, ఎక్కడా ఆగకుండా, మలుపుల్లోనూ మార్చకుండా మెల్లగా ఇంటిదాకా తెచ్చాడు. వేపచెట్టు కింద మళ్లీ క్లచ్ తొక్కి ఆపాడు.

"రెండు" అంది వెనక సీట్లోంచి చిన్నమ్మ.