సూరత్ పాడి: గడ్డిలో దాగిన శక్తి

శరత్పూర్ణిమ మరునాడు సూరత్ నగరంలో ఘారీ తినని ఇల్లు అరుదు. కోవా, నేయి, బాదం, పిస్తాలతో చేసే ఈ మిఠాయికి మూలం పాలు. వజ్రాలకు, జరీకి పేరొందిన ఈ తాపీతీర నగరం వెనుక పాడిపల్లెల సీమ ఒకటి ఉన్నది.

ఆ సీమలో పశువే సంపద. 1928లో బార్డోలీ రైతులు పెరిగిన శిస్తు కట్టబోమన్నప్పుడు ప్రభుత్వం పశువులను జప్తు చేయసాగింది. రైతులు గేదెలను ఇళ్లలోనే కట్టి తలుపులు మూసుకొన్నారు. 1951లో అక్కడి పాల ఉత్పత్తిదారుల సహకార సంఘం ఏర్పడింది. అదే నేటి ‘సుముల్’.

ఇక్కడి పశువులకు వరిగడ్డి, జొన్నచొప్ప, చెరకు ఆకు ముఖ్యమైన మేత. మనిషి అరిగించుకోలేని ఈ గడ్డిని పశువు పెద్దపొట్టలోని సూక్ష్మజీవులు పులియబెట్టి శక్తిగా మారుస్తవి. ఆ పనిలో పుట్టిన హైడ్రోజన్, బొగ్గుపులుసు వాయువుతో కలిసి మీథేన్ అవుతుంది. గోబర్ గ్యాస్ పొయ్యిలో వెలిగేదీ ఈ వాయువే. పశువు మాత్రం దానిని చాలావరకు త్రేనుపులుగా నోటి నుండే విడుస్తుంది. ఈ విధంగా మేతలోని శక్తిలో 2 నుండి 12 శాతం వరకు గాలిపాలవుతుంది. నూరేళ్ల లెక్కలో మీథేన్ భూమిని వేడెక్కించే శక్తి బొగ్గుపులుసు వాయువుకు సుమారు 28 రెట్లు.

నష్టం ఎంతన్నది మేతను బట్టి ఉంటుంది. ఎండుగడ్డి ఒక్కటే పెడితే మీథేన్ పాలు పెరుగుతుంది. మాంసకృత్తులు చాలక సూక్ష్మజీవులూ మందగిస్తవి. పచ్చిమేత, తవుడు, పత్తిగింజల చెక్క, ఖనిజ లవణాలు తగుపాళ్లలో చేర్చితే అదే గడ్డి మెరుగుగా అరుగుతుంది. మరొక మర్మమున్నది. పాలిచ్చినా ఇవ్వకున్నా పశువు ప్రాణం నిలుపుకొనడానికి కొంత మేత ఖర్చు కాక తప్పదు. పాడి పెరిగినకొద్దీ ఆ ఖర్చు, దానితోపాటు మీథేన్, ఎక్కువ లీటర్లకు పంచబడుతుంది.

ఆణంద్‌లోని జాతీయ పాడి అభివృద్ధి మండలి ఈ సూత్రంపైనే సమతుల మేత పథకాన్ని రూపొందించింది. 2012లో ఆరంభమైన జాతీయ పాడి ప్రణాళికలో అది భాగమైంది. శిక్షణ పొందిన గ్రామస్థుడు పశువు బరువు, పాడి, ఇంట ఉన్న మేత చూచి, తక్కువ ఖర్చులో ఏది ఎంత పెట్టవలెనో చెబుతాడు.

గింజలే మేపుట మాత్రం పరిష్కారం కాదు. అతిగా పెడితే పొట్టలో ఆమ్లం పెరిగి పశువు జబ్బుపడుతుంది. పైగా గింజ మనిషి తిండి. గడ్డిని పాలుగా మార్చుటలోనే పశువు గొప్పతనమున్నది. రెండు గేదెల ఇల్లాలికి ఆకాశపు వేడి దూరపు మాట కావచ్చును. దాణా ఖర్చు మాత్రం ఏ పూటకాపూట చేతికి తగులుతుంది. సమతుల మేత ఆ రెండింటినీ ఒకేసారి తగ్గించగలదు.